నంద్యాల ఇంట్లో సర్వర్, డల్లాస్‌లో ప్రేక్షకులు

1990ల్లో రాయలసీమ పట్టణాల్లో రాత్రి భోజనాల వేళకు కేబుల్ టీవీలో సినిమా పడేది. వీధి చివర కేబుల్ ఆయన గదిలో ఒక వీసీఆర్, అందులో ఒక క్యాసెట్, అక్కడి నుంచి మిద్దెల మీదుగా, స్తంభాల మీదుగా ఇళ్ళకు తీగ. టేపు చిక్కుకుంటే వీధి మొత్తానికి బొమ్మ ఆగిపోయేది. 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం వచ్చాక ఆ వ్యాపారానికి రిజిస్ట్రేషన్లూ కట్టుబాట్లూ ఏర్పడ్డాయి. కాబట్టి ఒక గదిలో ఉన్న బొమ్మను తీగ మీద ఇంకో ఇంటికి పంపడం మనకేమీ కొత్త కాదు. అప్పటి తీగ పేట దాటేది కాదు, ఇప్పటి తీగకు అవతలి చివరంటూ లేదు. నంద్యాలలో ఒక ఇంటి అల్మరాలో పెట్టిన పెట్టెను డల్లాస్‌లో ఉన్న కూతురు తెరిచి చూడగలదు. అదే తీగ మీద, ముక్కూమొహం తెలియనివాడు కూడా ఏ మూల నుంచైనా దాని గొళ్ళెం లాగి చూడగలడు. ఈ రెండోవాణ్ణి రానివ్వకుండా మొదటి మనిషికి చూపించడం ఎలాగన్నదే ఈ వ్యాసం పట్టుకున్న ప్రశ్న.

ముందు సరుకేమిటో చూద్దాం. ఏ ఇంట చూసినా పెళ్ళి వీహెచ్ఎస్ క్యాసెట్లు డీవీడీలయ్యాయి, డీవీడీలు పెన్‌డ్రైవ్‌లయ్యాయి, పెన్‌డ్రైవ్‌లు ఎక్కడో సొరుగులో పడి ఉన్నాయి. ఊరి పౌరాణిక నాటకాల రికార్డింగులు, తాతగారు దాచిన హరికథ ఆడియో క్యాసెట్లు, కనుమ నాడు మొదలయ్యే అహోబిలం పారువేటలో స్వామి పల్లకి తమ ఊరికి వచ్చినప్పుడు ఫోన్లో తీసిన వీడియోలు. ఆళ్ళగడ్డ శిల్పశాలకైతే ఇది వ్యాపార అవసరం కూడా. విగ్రహం ఆర్డరిచ్చిన దూరదేశపు గుడి కమిటీకి చెక్కుడు ఎక్కడిదాకా వచ్చిందో చూపించాలి, పాత పనుల వీడియోలు అడిగినప్పుడు తీసి ఇవ్వాలి.

ఇదంతా యూట్యూబ్‌లోనో గూగుల్‌లోనో పడేస్తే పోదా అంటారు. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్ ఉచిత అపరిమిత నిల్వను ఆపేసింది. 15 జీబీ దాటితే నెలనెలా కట్టాల్సిందే. యూట్యూబ్‌తో చిక్కు వేరు. మన పెళ్ళి వీడియోల్లో తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా వెనకాల సినిమా పాటలే. అప్‌లోడ్ చేసిన కాసేపటికే యూట్యూబ్ యంత్రం ఆ పాట పట్టేసి, మ్యూజిక్ కంపెనీ పేరుతో అభ్యంతరం పెడుతుంది. ఒక్కోసారి ధ్వని తీసేస్తుంది, ఒక్కోసారి కొన్ని దేశాల్లో వీడియోనే కనిపించకుండా చేస్తుంది. సొంత పెళ్ళి సొంతంగా చూసుకోవడానికి ఈ తలనొప్పెందుకని ఇంట్లోనే సర్వర్ పెట్టుకుందామనే ఆలోచన పుడుతుంది.

పెట్టుకోవడం కష్టమేమీ కాదు. పాత డెస్క్‌టాప్ ఉంటే అదే చాలు. కొనాలనుకుంటే ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న అరచేతంత మినీ పీసీలు దొరుకుతున్నాయి. 2023లో వచ్చిన చిప్ ఇది. సుమారు పది వాట్లతో నడిస్తే రోజంతా వేసి ఉంచినా నెలకు ఏడెనిమిది యూనిట్లు దాటదు. సాఫ్ట్‌వేర్‌లో మూడు పేర్లు వినిపిస్తాయి: ప్లెక్స్, ఎంబీ, జెల్లీఫిన్. ఎంబీ 2018 చివర్లో తన కోడ్‌ను బయటికి ఇవ్వడం మానేసింది. అది నచ్చని వాళ్ళు అప్పటిదాకా ఉన్న కోడ్ తీసుకుని జెల్లీఫిన్ మొదలుపెట్టారు. ప్లెక్స్ వాడకానికి సులువు. అయితే 2025 ఏప్రిల్ 29 నుంచి ఇంటి బయట ఉండి సొంత సర్వర్‌లోని వీడియో చూడాలన్నా చందా కట్టాలంది. పైగా ప్లెక్స్ ఖాతాల వివరాలన్నీ ఆ కంపెనీ దగ్గర ఉంటాయి. 2022 ఆగస్టులో అక్కడ చొరబాటు జరిగి, వాడకందారులందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో మళ్ళీ అదే పాట. జెల్లీఫిన్‌కు ఖాతా ఏ కంపెనీ దగ్గరా ఉండదు, చందా లేదు, అంతా మన పెట్టెలోనే. మన పెట్టెలోనే అంటే కాపలా బాధ్యతా మనదే. నా ఓటు జెల్లీఫిన్‌కే. ఎందుకన్నది ముందు ముందు తేలుతుంది.

ఇంట్లో వైఫై మీద అంతా సవ్యంగా నడుస్తుంది. అసలు కథ గడప దాటాక మొదలవుతుంది.

నంద్యాలలో ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుని, ఏవో వీడియోలు చూసి, రౌటర్‌లో బయటి నుంచి సర్వర్‌కు దారి తెరిచే పోర్టు ఫార్వర్డింగ్ పెట్టి, బెంగళూరులో ఉన్న తమ్ముణ్ణి చూడమంటే అతనికి ఏమీ రాదు. మళ్ళీ పెట్టినా రాదు. తప్పు పెట్టినవాడిది కాకపోవచ్చు. ప్రపంచంలో పాత తరహా ఐపీ చిరునామాలు, అంటే ఐపీవీ4 చిరునామాలు, మొత్తం 400 కోట్ల పైచిలుకే. పంచిపెట్టే కేంద్ర సంస్థ చేతిలోని ఆఖరి వాటాలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. ఆ తర్వాత కోట్లాది కనెక్షన్లు ఇచ్చిన కంపెనీలు ఒక్కో ఇంటికి ఒక్కో చిరునామా ఎక్కడి నుంచి తెస్తాయి? వందల ఇళ్ళను ఒకే బయటి చిరునామా వెనకాల కూర్చోబెట్టాయి. దీన్నే సీజీనాట్ అంటారు. పెద్ద అపార్ట్‌మెంటుకు గేటు నంబరు మాత్రమే ఉండి ఫ్లాటు నంబర్లు బయటికి తెలియనట్టు. మీరు లోపలి నుంచి ఎవరికి ఉత్తరం రాసినా జవాబు మీ చేతికి వస్తుంది, ఎందుకంటే మీరు పంపినట్టు వాచ్‌మన్ రాసిపెట్టుకున్నాడు. బయటివాడు తనంతట తాను వచ్చి మిమ్మల్ని అడిగితే ఏ ఫ్లాటుకు పంపాలో వాచ్‌మన్‌కు తెలియదు. తిప్పి పంపేస్తాడు.

మీ ఇల్లు ఇలా ఉందో లేదో తేల్చుకోవడం రెండు నిమిషాల పని. రౌటర్ పేజీలో ‘వాన్ ఐపీ’ అని ఒక అంకెల వరస ఉంటుంది. ‘నా ఐపీ ఏది’ అని గూగుల్‌లో అడిగితే ఇంకో వరస చూపిస్తుంది. రెండూ ఒకటైతే బయటి చిరునామా మీదే. వేరైతే మీరు ఎవరి వెనకాలో ఉన్నారు. రౌటర్‌లోని వరస 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఇక అనుమానమే వద్దు, ఆ వరసను 2012లో సరిగ్గా ఈ పనికోసమే కేటాయించారు. అదనంగా కొంత కడితే స్థిరమైన చిరునామా ఇచ్చే కంపెనీలున్నాయి. మీ ఊళ్ళో కనెక్షన్ ఇచ్చినాయన్నే అడగండి. మొదట ‘అదెందుకు సార్ మీకు’ అంటాడు. మంచి ప్రశ్నే అది.

ఎందుకంటే సీజీనాట్‌ను చూసి విసుక్కునేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. మన ఇళ్ళలోని చవక రౌటర్లను, సీసీ కెమెరాలను, అప్‌డేట్ ఎరగని టీవీ పెట్టెలను బయటివాళ్ళ కన్ను పడకుండా అది కాపాడుతోంది కూడా. ఎవరూ మన భద్రత కోసం పెట్టింది కాదు, చిరునామాలు చాలక పెట్టింది. అయినా ఆ నీడ మన మీద ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. ఊళ్ళోని కేబుల్ ఆపరేటర్లే ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చారు. అంటే తొంభైల నాటి ఆ తీగ వ్యాపారమే గాజు తీగ వ్యాపారమైంది. ఇప్పుడు జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ అన్నీ పోటీలో ఉన్నాయి. ఈ మార్పులో ఒక మేలు జరిగింది. 2016లో జియో వచ్చినప్పటి నుంచి మన దేశంలో కొత్త తరహా చిరునామా, ఐపీవీ6, విపరీతంగా పెరిగింది. ఇప్పుడు సగానికి పైగా వాడకం దాని మీదే, ప్రపంచంలో ముందు వరసలో ఉన్నాం. ఐపీవీ6లో చిరునామాలకు కొరత లేదు. ఇంట్లో ప్రతి పరికరానికీ నేరుగా ఒకటి వస్తుంది. సీజీనాట్ అడ్డం తొలగుతుంది, దాంతోపాటు ఇందాకటి నీడ కూడా. రౌటర్‌లోని ఫైర్‌వాల్ మామూలుగా బయటి నుంచి వచ్చేవాటిని ఆపుతుంది. దాన్ని ఎవరైనా ‘పనిచేయట్లేదని’ మొత్తానికి ఆపేస్తే మాత్రం ఇంటిల్లిపాదీ రోడ్డున పడ్డట్టే.

సరే, చిరునామా దొరికిందనుకుందాం. నేరుగా పోర్టు తెరిచేస్తే ఏమవుతుంది?

షోడాన్ అని ఒక సెర్చ్ ఇంజిన్ 2009 నుంచి ఉంది. గూగుల్ వెబ్ పేజీలను వెతికితే ఇది ఇంటర్నెట్‌కు తగిలించిన పరికరాలను వెతుకుతుంది. జెల్లీఫిన్ మామూలుగా వాడేది 8096 పోర్టు, ప్లెక్స్‌ది 32400. ఇవి తెరిచి ఉన్న చిరునామాలు దేశాలవారీగా, ఊళ్ళవారీగా కూడా అక్కడ కనిపిస్తాయి. కాబట్టి ‘నంద్యాలలో నా పెట్టె ఎవడికి కావాలి’ అన్న ధీమా పనికిరాదు. ఎవడికీ ప్రత్యేకంగా మీ పెట్టె అక్కర్లేదు. యంత్రాలు అన్ని చిరునామాలనూ వరసగా తడుతూ పోతాయి, తెరుచుకున్నదాంట్లో దూరతాయి.

2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దుండగపు ప్రోగ్రామ్ క్యూనాప్ కంపెనీ స్టోరేజీ పెట్టెల మీద పడింది. ఇంట్లో ఫొటోలూ వీడియోలూ దాచుకునే సరిగ్గా ఇలాంటి పెట్టెలవి. నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నవాటిని పట్టుకుని, ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, 0.03 బిట్‌కాయిన్ ఇస్తే తాళంచెవి ఇస్తామని తెర మీద రాసింది. కంపెనీ ఇచ్చిన మొదటి సలహా ఏమిటో తెలుసా? రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ తీసేయండి, యూపీఎన్‌పీ ఆపేయండి. ఈ యూపీఎన్‌పీ అనేది పరికరాలు మనల్ని అడగకుండానే రౌటర్‌లో తమకు దారి తెరిపించుకునే సదుపాయం. చాలా రౌటర్లలో కొన్ననాటి నుంచే వేసి ఉంటుంది. అంతకు ముందు ఏడాది, 2021 జూన్‌లో, వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పెట్టెలు ఒక్కరోజులో ఖాళీ అయ్యాయి. డబ్బు అడగలేదు, ఏమీ లేదు, ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. వాటికి ఆఖరి అప్‌డేట్ వచ్చింది 2015లో. పెట్టె బాగానే తిరుగుతోంది కదా అని జనం వాడుతూ ఉన్నారు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించే ఉదంతం లాస్ట్‌పాస్‌ది. లక్షలమంది పాస్‌వర్డులు దాచే కంపెనీ అది. 2022లో దాని ఖజానాలోకి దొంగలు వెళ్ళిన దారి ఏదనుకున్నారు? ఒక సీనియర్ ఇంజినీర్ ఇంట్లోని కంప్యూటర్. అందులో ప్లెక్స్ మీడియా సర్వర్ ఉంది. దానిలోని లోపానికి 2020 మే నెలలోనే మందు వచ్చింది. ఆయన అప్‌డేట్ చేయలేదు. ఆ తర్వాత 75 దాకా కొత్త వెర్షన్లు వచ్చాయని ప్లెక్స్ చెప్పుకుంది. ఆ లోపాన్ని వాడాలంటే ప్లెక్స్ అడ్మిన్ ఖాతా ముందే చేజిక్కాలి, అంటే అంతకుముందే ఇంకేదో జారి ఉంటుంది. లోపలికి వచ్చినవాడు కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే ప్రోగ్రామ్ పెట్టాడు, ఆఫీసు తాళాలన్నీ దానితో చిక్కాయి. సినిమాలు చూసే పెట్టెలో పోయేదేముంది, మహా అయితే సినిమాలే కదా అనుకునేవాళ్ళు ఈ కథ రెండుసార్లు చదవాలి. హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసే పిల్లలు నంద్యాల వీధుల్లో బోలెడుమంది. వాళ్ళ ఆఫీసు ల్యాప్‌టాప్, ఈ సర్వర్ ఉండేది ఒకే వైఫై మీద.

పోర్టు తెరిచినా దాని ముందు ఒక కాపలాదారును పెడతాం, హెచ్‌టీటీపీఎస్ పెడతాం అనేవారున్నారు. మంచి పద్ధతే. క్యాడీ, ఎన్జిన్‌ఎక్స్ వంటి రివర్స్ ప్రాక్సీలు ఉచితం. 2015 చివర మొదలైన లెట్స్ ఎన్‌క్రిప్ట్ పుణ్యమా అని సర్టిఫికెట్‌కు పైసా ఖర్చు లేదు. అయితే హెచ్‌టీటీపీఎస్ చేసేది దారిలో ఎవరూ తొంగిచూడకుండా ఆపడం మాత్రమే. వచ్చినవాడు మంచివాడా కాదా అన్నది దానికి పట్టదు, సర్వర్ ప్రోగ్రామ్‌లో లోపం ఉంటే దొంగను కూడా అంతే భద్రంగా లోపలికి తెస్తుంది. ఇంకో తమాషా ఉంది. ఇలా ఇచ్చే ప్రతి సర్టిఫికెట్టూ అందరూ చూడగల చిట్టాల్లోకి ఎక్కుతుంది. మీ సర్వర్‌కు మీరు పెట్టుకున్న రహస్యమైన పేరు సర్టిఫికెట్ తీసుకున్న కాసేపటికే లోకానికంతా తెలిసిపోతుంది. జెల్లీఫిన్‌లోనూ కొన్ని లోపలి చిరునామాలు లాగిన్ అడగకుండానే జవాబిస్తాయన్న సంగతిని ఆ ప్రాజెక్టు వాళ్ళే ఏళ్ళ తరబడి బహిరంగంగా చర్చిస్తున్నారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు, దాచకపోవడం వాళ్ళ గొప్పదనం. కానీ అటువంటి ప్రోగ్రామ్‌ను నడివీధిలో నిలబెట్టడం మన తెలివితక్కువతనం అవుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఇచ్చే టన్నెల్ ఇంకో దారి. ఇంట్లోని సర్వరే బయటికి ఫోన్ చేసినట్టు క్లౌడ్‌ఫ్లేర్‌కు కలుపుకుంటుంది, చూసేవాళ్ళు క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరికి వస్తారు. సీజీనాట్ అడ్డం కాదు, పోర్టు తెరవక్కర్లేదు, ముందు గూగుల్ లాగిన్ కూడా పెట్టించవచ్చు. శిల్పశాల వెబ్‌సైటుకు, ఫొటోల ఆల్బమ్‌కు ఇది బాగుంటుంది. వీడియోకు మాత్రం రెండు చిక్కులు. ఒకటి, మధ్యలో క్లౌడ్‌ఫ్లేర్ దగ్గర గుప్తీకరణ విప్పి మళ్ళీ కడతారు, అంటే మధ్యవాడు చూడగలడు. రెండోది, వాళ్ళ వీడియో సేవకు డబ్బు కట్టకుండా మామూలు దారిలో పెద్దఎత్తున వీడియో పంపడానికి వాళ్ళ నిబంధనలు ఒప్పుకోవు. చాలామంది వాడుతున్నారు నిజమే, కంపెనీ కన్నెర్ర చేసిన రోజున ఆగిపోతుంది.

ఇక మిగిలింది వీపీఎన్. ఈ మాట వినగానే ఐపీఎల్ మ్యాచ్‌లు చూడటానికి విదేశాల్లోని మనవాళ్ళు కొనుక్కునేది గుర్తొస్తుంది. ఇక్కడ దాని పని తిరగేసి. దేశం దాటినట్టు నటించడం కాదు, ఎక్కడున్నా నంద్యాల ఇంటి వైఫైలోనే ఉన్నట్టు చేయడం.

వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 2020 మార్చిలో లినక్స్ 5.6తో పాటు కెర్నల్‌లోకే వచ్చింది. దాని కోడ్ సుమారు నాలుగు వేల వరసలు. పాత వీపీఎన్‌లవి లక్షల్లో ఉండేవి. ఒక మనిషి కూర్చుని మొత్తం చదివి తప్పులు పట్టగలిగినంత చిన్నది. నాకు నచ్చిన గుణం ఇంకొకటి. సరైన తాళంచెవి లేనివాడు ఎన్నిసార్లు తట్టినా అది ఉలకదు, పలకదు. లేదు, పో అని కూడా అనదు. తట్టినవాడికి అక్కడ ఏదైనా ఉందో లేదో తెలియదు. అమర్చడం చూస్తే, సర్వర్‌కు ఒక జత తాళాలు, చూసే ప్రతి ఫోనుకూ ఒక జత. ఫోను వివరాలను క్యూఆర్ బొమ్మగా మార్చి తెర మీద చూపిస్తే అవతల యాప్ స్కాన్ చేసుకుంటుంది. సీజీనాట్ వెనకాల ఉన్న కొసలో ‘పర్సిస్టెంట్ కీప్ఎలైవ్’ దగ్గర 25 అని రాయాలి. ప్రతి 25 సెకన్లకూ ఒక చిన్న పలకరింపు వెళ్ళి, వాచ్‌మన్ రాసిపెట్టుకున్న ఆ చిట్టా చెరిగిపోకుండా ఉంటుంది. రెండు కొసల్లో ఒకదానికైనా నిజమైన బయటి చిరునామా కావాలన్నదొక్కటే నియమం. ఐపీవీ6 ఉంటే సరిపోవచ్చు. కానీ డల్లాస్ ఇంట్లో అది లేకపోతేనో, కూతురు హోటల్ వైఫైలో ఉంటేనో మళ్ళీ మొదటికొస్తుంది. ముంబైలోనో బెంగళూరులోనో ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, ఇంటి పెట్టె, ఫోను రెండూ అక్కడ కలుసుకునేలా చేస్తే ఏ చిరునామా గొడవా ఉండదు. నెలకు కొన్ని వందల రూపాయల ఖర్చు, కాస్త లినక్స్ తెలిసిన మనిషి అవసరం.

ఆ మనిషి దొరకని ఇళ్ళకు టెయిల్‌స్కేల్ ఉంది. లోపల వైర్‌గార్డే. రెండు కొసలనూ ఒకదానికొకటి పరిచయం చేసే పని కంపెనీ చేస్తుంది. ఇద్దరూ సీజీనాట్ వెనకాల ఉన్నా చాలాసార్లు నేరుగా కలుపుతుంది. కుదరకపోతే తన రిలే మీదుగా పంపుతుంది, అప్పుడు వేగం తగ్గుతుంది. రిలే మీదుగా వెళ్ళినా తాళాలు మన పరికరాల్లోనే ఉంటాయి కాబట్టి మధ్యలో కంపెనీ వీడియో చూడలేదు. సొంత వాడకానికి ఉచితం. చిత్రమేమిటంటే అది మన పరికరాలకు ఇచ్చే అంకెలు కూడా 100.64 వరసలోవే, సీజీనాట్‌కు కేటాయించిన వరసనే వాడుకుంది. బలహీనత ఏమిటంటే, లాగిన్ గూగుల్ ఖాతాతో జరిగితే ఆ గూగుల్ ఖాతా పోయినరోజు ఇల్లు పోయినట్టే. రెండంచెల ధ్రువీకరణ లేని ఖాతాతో దీన్ని మొదలుపెట్టకండి. చుట్టాలకు ఇంటి నెట్‌వర్క్ మొత్తం ఇవ్వకుండా సర్వర్ ఒక్కదాన్నే, అందులోనూ 8096 పోర్టు ఒక్కదాన్నే చూపేలా నియమం రాసుకోవచ్చు. ఆ పని చాలామంది వదిలేస్తారు, వదలకూడదు.

వీపీఎన్ మీద వచ్చే అసలు అభ్యంతరం సాంకేతికమైనది కాదు. అమెరికాలో మనవరాలు ఫోన్లో యాప్ పెట్టుకుంటుంది. హైదరాబాదులో పెద్దమ్మ టీవీలో చూడాలంటుంది. ఆండ్రాయిడ్ టీవీకి, ఆపిల్ టీవీకి టెయిల్‌స్కేల్ యాప్ ఉంది. శాంసంగ్, ఎల్‌జీ టీవీల సొంత వ్యవస్థల మీద లేదు. పోర్టు తెరిచేద్దామన్న ఆలోచన ఇక్కడే, పెద్దమ్మ పేరు మీద, మళ్ళీ మొలకెత్తుతుంది. ఆ టీవీకి రెండుమూడు వేలకు దొరికే ఆండ్రాయిడ్ స్టిక్ ఒకటి తగిలిస్తే పోయేదానికి ఇంటి మొత్తాన్ని పణంగా పెట్టనక్కర్లేదు.

వీపీఎన్ చట్టవిరుద్ధమా అని అడిగేవారు కొందరు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలతో ఈ అనుమానం పెరిగింది. వాడకందారుల వివరాలు ఐదేళ్ళు దాచాలన్నది ఆ ఆదేశం. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ వంటివి భారత్‌లోని సర్వర్లు ఎత్తేశాయి కూడా. అది జనానికి వీపీఎన్ సేవ అమ్మే సంస్థలకు వర్తించేది. సొంత ఇంటికి సొంత మనుషులు వెళ్ళే దారికి దానితో పనిలేదు.

వేగం సంగతి. ఇంటి సర్వర్‌కు కావలసింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి రెండూ సమానం, వైర్‌లెస్ కనెక్షన్లలో అప్‌లోడ్ బాగా తక్కువ. మంచి హెచ్‌డీ వీడియోకు 8 ఎంబీపీఎస్ అనుకుంటే రెండు గంటల బొమ్మకు సుమారు 7 జీబీ దాటుతుంది. చూసేవాడు మొబైల్ డేటా మీద ఉంటే ఆ రోజు కోటా అరగంటలో హరీ. నంద్యాల నుంచి అమెరికా మధ్యభాగానికి వెళ్ళి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. బొమ్మ మొదలవడం కాస్త ఆలస్యమవుతుంది, మొదలయ్యాక ఇబ్బంది ఉండదు.

పాత పెళ్ళి డీవీడీల దగ్గర మాత్రం చాలామంది బోర్లా పడతారు. ఆ డీవీడీలు ఎంపెగ్-2 పద్ధతిలో, 720 బై 576 చుక్కల్లో, ఒకదాని తర్వాత ఒకటి సగం సగం గీతలుగా పేర్చిన ఫ్రేములతో ఉంటాయి. ఫోన్ల బ్రౌజర్లు వాటిని నేరుగా ఆడించలేవు. చూసిన ప్రతిసారీ సర్వర్ అప్పటికప్పుడు వాటిని మార్చి పంపాలి. నలుగురు ఒకేసారి చూస్తే పాత పెట్టె ఆయాసపడుతుంది. పైగా పెళ్ళికొడుకు చెయ్యెత్తితే దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ముందే ఒకసారి హెచ్.264లోకి మార్చి, మార్చేటప్పుడు ‘డీఇంటర్లేస్’ పెడితే రెండు బాధలూ తీరతాయి. అసలు డీవీడీ కాపీని మాత్రం పారేయవద్దు. ఒక రాత్రి పని ఇది. భద్రతకూ సంబంధం ఉంది: అప్పటికప్పుడు వీడియో మార్చే భాగంలోనే ఈ సర్వర్లలో గతంలో కొన్ని పెద్ద లోపాలు బయటపడ్డాయి. మార్చే పని అవసరం లేని సర్వర్‌కు ఆ భాగం మీద ఆధారపడటం తగ్గుతుంది.

లోపలి జాగ్రత్తలు కొన్ని చెప్పుకోవాలి. అడ్మిన్ ఖాతాతో సినిమా చూడకండి. జెల్లీఫిన్‌లో ఒక్కో ఖాతాకు బయటి నుంచి రావచ్చా లేదా అన్న మీట విడిగా ఉంది, అడ్మిన్‌కు అది ఆపేయండి. వీడియోల ఫోల్డర్‌ను సర్వర్‌కు చదవడానికే ఇవ్వండి, రాయడానికి కాదు. అప్పుడు లోపలికి ఎవరైనా వచ్చినా దానికి తాళం వేయలేరు, దాన్ని తుడిచేయలేరు. ఎండాకాలం కరెంటు వచ్చీపోయే మన ఊళ్ళలో హార్డ్ డిస్కులకు చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఇంకో కాపీ ఆళ్ళగడ్డలో అత్తగారింట్లో, ఏ తీగకూ తగిలించని హార్డ్ డిస్కులో ఉండాలి. డెడ్‌బోల్ట్ వంటిది మీద పడ్డా నష్టపోకుండా బయటపడేది ఇలాంటి కాపీ ఉన్నవాళ్ళు.

చట్టం గురించి దాటవేయడానికి లేదు, ఎందుకంటే ఇంటి సర్వర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది కొత్త సినిమాలే. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. కానీ అదే చట్టం, ఏకకాలంలో ఒకటికి మించిన ఇళ్ళకు చేరేలా పంపితే, హోటల్ గదులకైనా సరే, అది ప్రజలకు అందించడంగానే లెక్కిస్తుంది. తొంభైల నాటి కేబుల్ ఆయన క్యాసెట్ వేసి చిక్కుకున్నది ఇటువంటి చోటే. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కు మీది రక్షణను ఛేదించడాన్ని నేరం చేసింది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు, మూడు లక్షలకు తగ్గని జరిమానా పెట్టింది, ఆ జరిమానా సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. ఇంటి సర్వర్ లింకు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పంచిపెట్టి, దానికి నెలకు ఇంత అని వసూలు చేసేవాళ్ళకు ఈ వ్యాసం పనికిరాదు. మీ పెళ్ళి వీడియోలో కనిపించే చుట్టాలకూ వాళ్ళ మొహాల మీద హక్కుందన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

నా తీర్పు ఇది. ఇంటి సర్వర్‌ను చూసేది ఇరవైమందికి మించకపోతే దానికి బహిరంగ చిరునామా ఉండాల్సిన పనే లేదు. జెల్లీఫిన్, దాని ముందు వైర్‌గార్డో టెయిల్‌స్కేలో, నంద్యాల ఇంటికి ఇంతకన్నా అక్కర్లేదు. సీజీనాట్ తీయించమని డబ్బు కట్టి అడుక్కోవడం కొండనాలుకకు మందేసుకోవడమే. శిల్పశాల వంటి వ్యాపారానికి, ఎవరో తెలియని కొనుగోలుదారుకు చూపాల్సిన ఫొటోలూ చిన్న వీడియోలూ ఉంటే వాటిని ఇంటి పెట్టెలో పెట్టకుండా విడిగా వెబ్‌సైటులో పెట్టుకోవడం మేలు. నెలనెలా అప్‌డేట్ చేసే ఓపిక లేని ఇంటికి ఇవేవీ వద్దు. ఏడాదికోసారి పిల్లలు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇచ్చి పంపండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇది చదివి సర్వర్ పెట్టినా, పెట్టకపోయినా, ఈ రాత్రికి ఒక పని చేయండి. రౌటర్ పేజీ తెరిచి, యూపీఎన్‌పీ ఆపేయండి. పోర్టు ఫార్వర్డింగ్ జాబితాలో మీరు పెట్టినట్టు గుర్తులేని వరస ఏదైనా ఉంటే తీసేయండి. రౌటర్‌కు ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఇంకా ఉంటే అది కూడా మార్చేయండి.